వక్కపొడి డబ్బా

ఎతిరాజులు గారికి ఒక అలవాటుంది. శిష్యులకు ఒళ్లు మండేది దానితోనే. చిన్న విమానంలో పల్టీలు కొట్టడం నేర్పే గురువు ఆయన. విమానం ఎక్కబోయే ముందు శిష్యుల చేత జేబులన్నీ తిరగేయిస్తారు. ఆకాశంలో తలకిందులైనప్పుడు జేబులోంచి పెన్ను జారినా చాలు, అది వెళ్లి కాళ్ల దగ్గరి పెడల్ కింద ఇరుక్కోవచ్చు. ఆ సంగతి అందరికీ తెలిసిందే. కానీ "ఏమీ లేవు సార్" అంటే ఆయనకు సరిపోదు. జేబు బయటికి లాగి చూపించాల్సిందే.

సుగుణకు ఇది మింగుడు పడలేదు. పోయిన వారం విమానాల క్లబ్బులో ఎవరిదో చేతిగడియారం పోయింది. అప్పటినుంచి గురువుగారి చూపు తన జేబుల మీదే మరీ ఎక్కువసేపు నిలుస్తోందని ఆమె అనుమానం. పట్టుకున్న అనుమానం ఊరికే పోతుందా? ఆయన దగ్గినా తన గురించే అనిపించసాగింది. ఒంటరిగా పల్టీలు కొట్టడానికి ఆమెకు అనుమతి ఇచ్చేదీ లేనిదీ ఆయన ఆ రోజే తేల్చాలి. అయినా ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, నామీద మీకు నమ్మకం లేదా?"

ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. "ముందు నా జేబులు చూడమ్మా."

"అయ్యయ్యో, మీవా సార్!" సుగుణ చెంపలు వేసుకున్నంత పని చేసింది. గురువుగారి జేబులు వెతకడమా! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? ఆయన చేతులు దించి, విమానమెక్కి ఆమె పక్క సీట్లో కూర్చున్నారు.

పైకి వెళ్లాక సుగుణ విమానాన్ని చక్కగా తిప్పింది. భూమి నెత్తిమీదికి వచ్చింది. ఇంతలో ఆమె చెంప పక్కనుంచి ఏదో జారి, పైకప్పు అద్దానికి టంగున తగిలింది. గురువుగారి వక్కపొడి డబ్బా! విమానం మామూలుగా నిలిచేసరికి అది కిందపడి ఎటో దొర్లిపోయింది. ఆమె కుడికాలితో పెడల్ నొక్కింది. అది సగంలోనే ఆగిపోయింది.

"సార్, పెడల్ కదలడం లేదు!" సుగుణ అరిచింది. ఇక తన పని అయిపోయిందనే అనుకుంది.

ఎతిరాజులు గారు కంగారు పడలేదు. విమానాన్ని తన చేతిలోకి తీసుకుని మళ్లీ తలకిందులు చేశారు. డబ్బా జారి అద్దం మీద పడింది. చటుక్కున అందుకుని జేబులో వేసుకున్నారు. ఈసారి జేబుకు బొత్తాం పెట్టుకున్నారు.

దిగాక సుగుణ బెల్టు విప్పుకుంది. ఇవాళ అనుమతి రాదని ఆమెకు తెలుసు, దాని గురించి బాధ కూడా లేదు. భయం తగ్గేకొద్దీ కోపం వచ్చింది. ఆ బొత్తాం గుర్తుకొచ్చాక కొత్త అనుమానం పుట్టింది.

"ఆ డబ్బా కావాలనే ఉంచుకున్నారు కదూ సార్?"

ఆయన చిటికెడు వక్కపొడి నోట్లో వేసుకున్నారు.

"ఈ అనుమానం ఎక్కకముందు రావాల్సిందమ్మా."