గాడిదకు కాపలా పెట్టిన నక్క

ఎండలకు వాగంతా ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలింది. ఆ నీళ్లు ముందు ఎవరు తాగాలని అడవి జంతువులకూ ఊరి జంతువులకూ రోజూ కొట్లాటే. చివరికి వాగు ఇసుకలో ఫుట్‌బాల్ ఆడి తేల్చుకుందామనుకున్నాయి. గెలిచిన జట్టు ముందు తాగుతుంది. ఓడిన జట్టుకు అడుగున బురద.

అడవి జట్టు కెప్టెన్ నక్క, జంబన్న. సగం ఆటకు చెరో గోలు. అయినా జంబన్నకు లోపల గుబులుగానే ఉంది. ఊరి జట్టులో బంతి ఎవరికి దొరికినా, నడిమధ్య నిలబడ్డ గాడిద ఓబులుకే చేరుతోంది. ఓబులు పరిగెత్తడు. చెవులు అటూ ఇటూ తిప్పి, ఖాళీగా ఉన్నవాడి ముందుకు బంతి తోస్తాడు. అంతే.

విరామంలో జంబన్న తోకతో ఇసుకలో గీతలు గీశాడు.

"వెనక నలుగురు, నడుమ ముగ్గురు, ముందు ముగ్గురు. ఇప్పటిదాకా ఇలా ఆడాం. ఇక నడుమ ఉన్న దుమ్ములగొండి అన్నదమ్ములిద్దరూ ఆ గాడిదను అంటిపెట్టుకుని ఉండాలి. వాడు దగ్గినా మీకు వినబడాలి."

"మరి మా చోటు?" అన్నాడు అన్న.

"వాడి పక్కనే మీ చోటు."

గోలు కాసే ఎలుగుబంటి గొంతు సవరించుకున్నాడు. "నడుమ అడవిపంది ఒక్కడే మిగులుతాడు కదా, అల్లుడూ?"

"బంతి పంచేవాడే లేకపోతే నడుమ ఏముంటుంది మామా? నువ్వు గోలు చూసుకో."

ఆట మొదలైంది. ఓబులుకు ఒక్క బంతీ అందలేదు. జంబన్న మీసాలు దువ్వుకున్నాడు. ఓబులు కాసేపు చూసి, తీరిగ్గా గట్టువారకు నడిచిపోయి గరిక కొరకసాగాడు. అన్నదమ్ములూ వెంటే వెళ్లి చెరో పక్కన నిలబడ్డారు.

"ఇప్పుడా నీకు మేత?" అని విసుక్కుంది మేక మల్లి.

"నడుమ ఎంత ఖాళీగా ఉందో బసవడికి చూపించవే," అన్నాడు ఓబులు నములుతూనే.

బసవడు వెనక వరసలో ఉండే ఎద్దు. సగం గీత దాటి ఎరగడు. మల్లి బంతి ఇచ్చింది.

"నేరుగా పోవాలా?"

"నేరుగానే మావా."

నాగటి చాలులో నడిచినట్టే కదిలాడు బసవడు. అడవిపంది అడ్డమొస్తే బంతి మల్లికి తోశాడు. పంది మల్లి మీదికి పోయేసరికి బంతి మళ్లీ బసవడి కాళ్ల దగ్గరుంది.

"వాణ్ణి వదిలేసి రండ్రా," అని అరిచాడు జంబన్న.

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. "వాడింకా దగ్గలేదు జంబన్నా."

ఈలోగా ఎలుగు మామ ఒక పక్కకు దూకాడు, బసవడు తన్నిన బంతి మరో పక్క నుంచి లోపలికి పోయింది. ఇక ఎంత గింజుకున్నా అడవి జట్టుకు ఇంకో గోలు రాలేదు.

ఊరి జంతువులు మడుగులో మూతులు పెడుతుంటే, నాలుక పిడచకట్టిన జంబన్న ఓబులు దగ్గరికొచ్చాడు.

"రెండో సగంలో నువ్వు బంతే ముట్టలేదు కదరా."

"నీ వాళ్లిద్దర్నీ గట్టున నిలబెట్టాను కదన్నా, ఇంకేం చెయ్యమంటావు?" అని ఓబులు నీళ్లకేసి నడిచాడు.

ఒకణ్ణి కట్టడి చేయడానికి ఇద్దర్ని పంపేవాడు, ఆ ఇద్దరూ వదిలిపోయిన చోటు ఎవరు చూస్తారో ముందే ఆలోచించుకోవాలి.