చూద్దామన్న నాయుడు

కూర్మయ్య పంతులుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే, అడిగిన మాటకన్నా అడగడానికి వచ్చిన తీరే ముందు చూసేవారు.

ఆ మధ్యాహ్నం తవిటినాయుడు వచ్చాడు. చిన్ననాడు ఆయన దగ్గర చదువుకున్నవాడు. ఈసారి అసెంబ్లీకి పార్టీ టికెట్ దొరికింది. గేటు దగ్గర ఒక ముసలాయన ఏదో కాగితం చాపితే, "సరే తాతా, చూద్దాం" అని భుజం తట్టి లోపలికి వచ్చాడు. గురువుగారి కాళ్ళకు దణ్ణం పెట్టి, "మాస్టారూ, ఒక్క అబద్ధమైనా ఆడకుండా రాజకీయం చెయ్యగలమా?" అని అడిగాడు.

"ఎందుకు చెయ్యలేం? లింగంనాయుడు చేశాడు" అంటూ ఆయన చెప్పిన సంగతి ఇది.

లింగంనాయుడు నాలుగుసార్లు ఎమ్మెల్యే, మధ్యలో రెండేళ్ళు మంత్రి. ఒకరి దగ్గర చెయ్యి చాపినవాడు కాదు, బొంకినవాడు అంతకన్నా కాదు. ఎవరేం అడిగినా 'చూద్దాం' అనేవాడు. అవునంటే చెయ్యాలి, కాదంటే ఓటు పోతుంది. పామూ చావదు, కర్రా విరగదు. ఆ ఒక్క మాట మీద ఇరవయ్యేళ్ళు నెట్టుకొచ్చి, 'నా నోట అబద్ధం రాలేదు' అని మీసం దువ్వుకునేవాడు. ఐదోసారి ఓడిపోయాడు. వాకిట్లో చెప్పులు తగ్గాయి, తర్వాత ఫోన్లూ తగ్గాయి. పొద్దు గడవక ఒకనాడు, ఎన్నికలప్పుడు తప్ప తొక్కని ఊళ్ళు ఓసారి తిరిగి వద్దామని కారులో బయలుదేరాడు.

బూరుగువలస ముందు గెడ్డ అడ్డమొచ్చి కారు ఆగింది. అవతలి ఒడ్డు నుంచి సన్నెమ్మ అనే ముసలమ్మ చీర మోకాళ్ళపైకి దోపుకుని, నీళ్ళలో దిగి ఇవతలికి వచ్చింది. ఆయన్ని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"వచ్చినారా బాబూ? సూద్దామన్నారు గదా, ఎప్పుడో ఒకప్పుడు వస్తారని నానంటానే ఉన్నాను. రండి, సూపిస్తాను."

ఆయనకేమీ గుర్తులేదు. పదకొండేళ్ళ కిందట వంతెన కోసం ఊరి తరఫున కాగితం ఇచ్చింది ఆమేనట. ఒడ్డు వెంట నడిపించి, వంతెన పడవలసిన చోటు చూపించింది. అక్కడ తుప్పలు కొట్టి శుభ్రంగా ఉంది. ఏటా వానలకు ముందు ఊరివాళ్ళే కొడతారట, పెద్దమనిషి చూడ్డానికి వస్తే కాలికి ముల్లు గుచ్చుకోకూడదని. తర్వాత అవతలి ఒడ్డున ఒక బండ చూపించింది. మూడేళ్ళ కిందట నొప్పులు పడుతున్న ఆమె కూతుర్ని డోలీలో తెచ్చి, గెడ్డ పొంగి దాటలేక, ఆ బండ మీద దింపారు. కూతురూ దక్కలేదు, కడుపులో బిడ్డా దక్కలేదు.

నాయుడు, "నేను చెయ్యకపోతే ఇంకొకర్ని అడగలేకపోయారా? ఎగువన జీలుగువలసకి వంతెన ఉంది కదమ్మా" అన్నాడు.

"ఆళ్ళని మీ ఎదటి పార్టీ ఆయన కుదరదు పొమ్మన్నాడు బాబూ. తిట్టుకుంటా ఇంటికొచ్చి, ఆళ్ళే తాటిదుంగలు ఏసుకున్నారు. మీరు మమ్మల్ని కాదన్లేదు గదా. మాటిచ్చిన మనిసుండగా మేం ఇంకొకరి గుమ్మం ఎక్కితే మీకు తలవంపు కాదా?"

ఆ గొంతులో దెప్పు లేదు. ఉంటే ఆయన తట్టుకోగలిగేవాడు. కారెక్కబోతుంటే ఆమె అడిగింది, "మరి పని ఎప్పుడు మొదలెడతారు బాబూ?"

ఇరవయ్యేళ్ళ అలవాటు నాలిక చివరికి వచ్చింది. దాన్ని మింగి, "నా వల్ల కాదమ్మా. ఓడిపోయాను. ఇంక నా వల్ల కాదు" అన్నాడు.

సన్నెమ్మ ఆ బండ వైపు చూసింది. "ఆ ముక్క అప్పుడే అనుంటే, మేమూ దుంగలు ఏసుకుందుము గదా బాబూ" అంది.

పంతులుగారు అంతటితో ఆపేశారు. తవిటినాయుడు తల వంచుకుని, "అయితే మాస్టారూ, ఆయన ఆడింది అబద్ధమేనంటారా?" అన్నాడు.

గురువుగారు కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశారు.

"గేటు దగ్గర ఆ తాత ఇంకా నిలబడే ఉన్నాడు. ముందు వెళ్ళి ఆయనకి జవాబు చెప్పిరా."