మోడమ్మ పుట్టింటి మెట్లు

తూర్పు కనుమల్లో మోడమ్మ తల్లి గుడి కొండ దిగువన ఉంది. గర్భగుడికి కప్పు లేదు, లోపల విగ్రహమూ లేదు. గొడ్డలి గాటు పడిన ఇప్ప చెట్టే అమ్మవారు. గుడి నుంచి శిఖరానికి నాలుగు వందల ఎనభై మెట్లున్నాయి. కింది మెట్ల పక్కన టేకు, మద్ది, ఇప్ప చెట్లు మాఘమాసానికి ఒక్క ఆకు లేకుండా నిలబడతాయి. పైకి ఎక్కేకొద్దీ గాలి చల్లబడి, చెట్లు ఏడాది పొడవునా పచ్చగా కనిపిస్తాయి.

పూర్వం ఇక్కడ మనుషులు లేరు. అందరి కాపురమూ శిఖరం మీది చలిలోనే. ఒక ఏడు కొండచరియ విరిగిపడి ఊట పూడిపోతే, కారయ్య అనే కులపెద్ద పదకొండు ఇళ్లవారిని వెంటబెట్టుకుని దిగువకు వచ్చాడు. వానాకాలం కావడంతో అడవి దట్టంగా ఉంది. ఇక్కడే బతుకుదామని అందరికీ మాటిచ్చాడు.

మాఘం వచ్చింది. ఎండ ముదిరింది. వారం తిరిగేసరికి అడవి అడవంతా ఆకు రాల్చేసింది.  కారయ్య పుట్టి బుద్ధెరిగాక అలాంటిది చూసినవాడు కాదు. పైన చెట్టు బోసిపోయిందంటే చచ్చిందనే లెక్క. చచ్చిన చెట్టును నిలబెట్టి ఉంచితే పక్క చెట్లకూ కీడు పాకుతుందని వారి నమ్మకం. నమ్మి వచ్చిన వాళ్ల నోట మట్టి కొట్టానే అనుకున్నాడు కారయ్య. మిగిలిందాన్నయినా కాపాడుకుందామని గొడ్డలి పట్టి, మూడు రోజుల్లో గుడిసెల చుట్టూ ఉన్న చెట్లను వరసగా పడగొట్టాడు.

నాలుగో రోజుకు ఒక్క ఇప్ప మిగిలింది. వేటు వేయగానే గాటులోంచి తెల్లటి పాలు కారాయి. భార్య జోగమ్మ వాటిని వేలితో తాకి చూసింది.

"సచ్చిన సెట్టుకి పాలెక్కడియ్యి?" అంది.

"మరి ఆకేదే?"

"అది నాకు తెల్దు. పాలున్న తల్లిని నరకమాక."

కారయ్య గొడ్డలి కింద పడేసి, నీడలేని ఆ చెట్టు కిందే నడుం వాల్చాడు. మిట్టమధ్యాహ్నపు కునుకులో అమ్మవారు కనిపించింది. ఆమె ఒంటి మీద ఒక్క నగ లేదు.

"చలి నా పుట్టిల్లు నాయనా, అక్కడ అన్నీ పెట్టుకుని తిరుగుతాను. వేడి నా అత్తిల్లు. ఎండ ముదిరితే, ఉన్న తడి పోకుండా నగలన్నీ తీసేస్తాను. అంతమాత్రానికే చచ్చాననుకున్నావా?"

పక్షం తిరిగేసరికి ఆ చెట్టు నిండా పూలు వచ్చాయి, వెనకే రాగి రంగు చిగుళ్లు. లోయంతా చిగురించింది. కారయ్య నరికిన మేర మాత్రం మొద్దులే మిగిలాయి. ఇప్పపువ్వు ఏరుకు తిని పదకొండు ఇళ్లూ ఆ వేసవి గట్టెక్కాయి. కారయ్య మాత్రం ఆ మొద్దుల మధ్య కూర్చుని, బతికున్న వాటిని చంపానని వెక్కి వెక్కి ఏడ్చాడు. మరుసటి మాఘంలో కొండెక్కి, ఆకు రాల్చిన చెట్లలో అన్నిటికన్నా పైనున్న దానికి పసుపు గుడ్డ కట్టాడు. అక్కడి వరకు అమ్మ అత్తిల్లని, ఆ దిగువన మోడును చూసి ఎవరూ గొడ్డలెత్తకూడదని కట్టడి చేశాడు.

నేటికీ మాఘ పౌర్ణమి ఉదయం ఆయన వంశీకులు ఆ గుడ్డ కడుతున్నారు. భక్తులు చెట్టు గాటులో పసుపు పూసి, తప్పు కాయమని వేడుకుంటారు. అలా వేడుకున్నవారి ఇల్లు ఎంత ఎండినా మళ్లీ చిగురిస్తుందని నమ్మకం.

ఇప్పటి పూజారి పండన్న ఆ వంశంవాడే. ఆయన తాతగారు గుడ్డ కట్టింది రెండు వందల పదో మెట్టు పక్కన. అలవాటు కొద్దీ ఏటా అక్కడే కడుతూ వచ్చిన పండన్న, ఈ ఏడు ఆ మెట్టు దగ్గర ఆగబోతూ తలెత్తి చూశాడు. పైనంతా మోళ్లే. గుడ్డ చేతపట్టుకుని ఎక్కుతూనే పోయి, చివరికి మూడు వందల తొంభయ్యో మెట్టు దగ్గర కట్టాడు. అమ్మ పుట్టిల్లు ఇక తొంభై మెట్లే ఉంది.