కిచ్చన్న వేసిన వెయ్యి పోగులు

గుర్రంగుట్ట అడవిలో నెమళ్ళు, కుందేళ్ళు, కొండముచ్చులు ఉంటాయి. అక్కడ వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మాత్రం గిజిగాళ్ళది. ఆ కొమ్మలకే అవి గూళ్ళు అల్లుకుంటాయి.

కిచ్చన్న కుర్ర గిజిగాడు. పోయిన ఏడాది రెండు రోజుల్లో హడావుడిగా అల్లిన అతని గూడు తొలి గాలికే వాగులో పడింది. గూడు లేని మగపిట్ట వైపు ఏ ఆడపిట్టా చూడదు. ఏడాదంతా కిచ్చన్న ఒంటరిగా గడిపాడు. ఈసారి కూడా గూడు నిలవకపోతే మళ్ళీ అదే గతి.

ఒక వేసవి పొద్దున చెట్టుకు పెద్దయిన తాత గిజిగాడు అందరినీ పిలిచాడు.

"మృగశిర కార్తెకు ఇరవై ఐదు రోజులే ఉన్నాయి. అది వస్తే వానే. ఈలోగా గూటికి వెయ్యి పోగులు వెయ్యాలి."

కిచ్చన్న చటుక్కున లెక్క కట్టాడు. రోజుకు నలభై! రెల్లు ఆకును సన్నగా చీల్చడం, ఆ పచ్చి పోగును అప్పటికప్పుడే అల్లడం. నలభై పడనిదే ఆటకు పోకూడదని నియమం పెట్టుకున్నాడు. మొదటి రోజు నలభై పడేసరికి పొద్దు వాలింది, ముక్కు సలిపింది.

పక్క కొమ్మ మీద పసుపయ్య పకపకా నవ్వాడు. తన పచ్చని తల చూసుకుని మురిసిపోయే గిజిగాడు అతను.

"ఏరా, కూలికి కుదిరావా? నేను చివర్లో నాలుగు రోజులు కోస్తా, రోజుకు రెండు వందల యాభై. ఆఖరి రోజు అల్లేస్తా. నీ వెయ్యి, నా వెయ్యి ఒకటే కదా!"

"లెక్క సరిపోయింది బావా. నా ముక్కుకే అంత సత్తువ లేదు" అన్నాడు కిచ్చన్న.

ఐదో రోజు డేగ తిరగడంతో కిచ్చన్న కొమ్మ దిగలేకపోయాడు. ఒక్క పోగూ పడలేదు. మర్నాడు ఎనభై వెయ్యాలని తొందరపడలేదు. మిగిలింది ఇరవై రోజులు, లోటు నలభై. రోజుకు రెండు కలిపాడు. పదో రోజుకల్లా నలభై రెండూ ఎండ ముదరకముందే పూర్తయ్యేవి.

ఇరవై ఒకటో రోజున పసుపయ్య కోత మొదలుపెట్టాడు. ఇరవై నాలుగో రోజుకు కొమ్మల పంగలో పెద్ద కుప్ప లేచింది.

"తాత పోగు వెయ్యమన్నాడుగా! చూడు, ఎంత పోగు వేశానో!"

"ఆయన చెప్పింది అల్లే పోగు బావా, కుప్ప కాదు! వడిలిపోతున్నాయి, ఇప్పుడే అల్లు."

"నీ నలభై నువ్వు చూసుకోరా!"

మర్నాడు పసుపయ్య అల్లడానికి కూర్చున్నాడు. ఒక పోగు వంచాడు, పుటుక్కుమంది. ఇంకొకటి, అదీ పుటుక్కు. ఎండిన రెల్లు ముడి పడనే పడదు. అంతలో గాలి లేచి కుప్పంతా వాగులోకి ఊడ్చేసింది.

అప్పుడే కిచ్చన్న వెయ్యో పోగు బిగించాడు. వాన విరుచుకుపడింది. గూడు అటూ ఇటూ ఊగింది. పచ్చిగా అల్లిన పోగులు అప్పటికే గూట్లో ఎండి బిగుసుకుపోయి ఉన్నాయి. లోపల ఒక్క చుక్క పడలేదు.

వాన తెరిపి ఇవ్వగానే సిరిపిట్ట అనే ఆడపిట్ట వచ్చింది. ముక్కుతో గూటిని నాలుగు వైపులా గట్టిగా పీకింది. ఒక్క పోగూ ఊడలేదు.

"ఎవరల్లారు?"

"నేనే!" కిచ్చన్న గొంతు చెట్టంతా వినిపించింది.

"అయితే నేనిక్కడే ఉంటాను."

తడిసి ముద్దయిన పసుపయ్య మెల్లగా పక్కకు జరిగి కూర్చున్నాడు. నెల తిరిగేసరికి ఆ గూట్లోంచి మూడు బుల్లి ముక్కులు తొంగిచూశాయి.

నీతి: ఏ రోజు పని ఆ రోజు చేస్తేనే అది గట్టిపడుతుంది, చివరి రోజుకని దాచిన పని చేతికి రాకుండా పోతుంది.