రెండు రంగుల బీపీ బిళ్ళ

“ఒక్క ముసలావిడకి పావుగంటా గురువుగారూ?” అని అడిగాను. అడిగే అర్హత నాకుందనుకున్నాను. చోడవరం నుంచి సముద్రం దాకా నా అంత చురుగ్గా మందులిచ్చేవాడు పుట్టలేదు మరి. చీటీ కౌంటరు మీద పడకముందే బిళ్ళలు కత్తిరించి కవర్లో వేసేవాణ్ణి. నా కత్తెర చప్పుడుకి ఎదురు హోటల్లో దోసెలు వాటంతటవే తిరగబడేవని చెప్పుకునేవారు. చెప్పింది ఎక్కువగా నేనే అనుకోండి.

అడిగింది మా షాపు యజమాని అవతారంగారిని. ఆయన పద్ధతే అంత. నలభై ఏళ్లుగా మందుల షాపు నడుపుతూ, వయసు మళ్లినవాళ్లు ఎవరొచ్చినా ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ తెప్పించి స్టీలు పళ్లెంలో పోయించేవారు. “ఎలా వేసుకుంటున్నావో చూపించు తల్లీ” అనేవారు. ఆ పూట నన్ను పక్కన స్టూలు మీద కూర్చోమన్నారు.

వచ్చినావిడ నూకరత్నం. నుదుటికి కట్టు. పెరట్లో కళ్లు తిరిగి పడిపోయిందట. సంచీ విప్పి గులాబీ రంగు బిళ్ళొకటి, తెల్లదొకటి పళ్లెంలో పక్కపక్కన పెట్టింది.

“పొద్దున్నే ఈ రెండూ ఏసుకుంతన్నాను బాబూ. ఒక్క రోజూ మాన్లేదు.”

రెండూ ఒకే బీపీ మందు. క్రితం నెల గులాబీ రకం షాపులో లేక, మరో కంపెనీ తెల్లది ఇచ్చింది నేనే. మందు అదేనని చెప్పలేదు. ఇంట్లో పాతవి మిగిలాయా అని అడగలేదు.

ఆవిడ నన్ను గుర్తుపట్టి నవ్వింది. “ఈ బాబే గదా! మా సురుకైనోడు. నాను నోరిప్పేలోగా సేతిలో ఎట్టేసినాడు.”

నన్ను ఎంతోమంది పొగిడారు. పొగడనివాళ్ల చేత నేనే పొగిడించుకున్నాను. ఒళ్లు కాలిపోయేలా తగిలిన మెప్పు మాత్రం అదొక్కటే. తల ఎత్తలేకపోయాను.

“తప్పు మాదమ్మా” అన్నారు గురువుగారు. ఆ ‘మా’లో ఆయన తననీ కలుపుకోవడం తిట్టుకన్నా బరువుగా పడింది నా మీద. ఆవిడ బీపీ చూశారు. గులాబీ బిళ్ళలు తీసి పక్కన పెట్టారు. డాక్టరుకి చీటీ రాశారు. ఇక మీద రోజుకి ఒక్కటేనని ఆవిడ నోటితోనే మూడుసార్లు చెప్పించారు. పావుగంట పట్టింది.

ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే నా వైపు తిరిగారు.

“ఆ రోజు నోరు విప్పనిస్తే ఏమడిగేదో, వెళ్ళి కనుక్కో.”