చుక్కి గొంతులో గిలిగింత

అనగనగా ఎండలకు వాగులన్నీ ఇంకిపోయిన ఒక అడవి ఉండేది, పిల్లలూ. ఆ అడవిలో నీళ్లు మిగిలింది ఒక్క మడుగులోనే. రోజూ పొద్దున్నే దుప్పుల మంద అక్కడికి దిగేది. ఆ మందలో సిరి అనే తల్లి దుప్పి, దాని కూతురు చుక్కి ఉండేవి.

చుక్కి మొదట కళ్లు టపటపా ఆర్పేది. కొన్నాళ్లకు మెడ విదిలించడం మొదలైంది. ఎండాకాలం వచ్చేసరికి గొంతులోంచి "కుక్, కుక్" అని చప్పుడు రాసాగింది.

చిరుతను చూసిన దుప్పి కూడా కాస్త అలాగే అరుస్తుంది. అందుకని చుక్కి గొంతు పలికినప్పుడల్లా మంద బెదిరిపోయేది, నీళ్లు వదిలేసి పరుగెత్తేది. తీరా చూస్తే చిరుతా ఉండదు, ఏమీ ఉండదు.

సిరికి తల కొట్టేసినట్టయ్యేది. కూతుర్ని గదిమింది. చప్పుడు ఇంకా ఎక్కువైంది. దిష్టి అని ఎవరో అంటే వేపమండలతో దిష్టి తీసింది. ఏమీ మారలేదు. చివరికి ఒకరోజు మూతికి తీగ చుట్టి మడుగుకు తీసుకెళ్లింది. చుక్కి వణుకుతూ నిలబడింది. చప్పుడు రాలేదు కానీ, పాపం, నీళ్లూ తాగలేకపోయింది. తీగ విప్పగానే ఆగకుండా ఇరవైసార్లు అరిచి కూలబడింది.

"కావాలని చేయట్లేదమ్మా. ఆపుకునేకొద్దీ ఇంకా వస్తోంది," అంది.

దాని మూతి మీద తీగ గీసిన ఎర్రటి చారను సిరి మెల్లగా నాకింది.

ఆ సాయంత్రం మంద పెద్ద రాజన్న వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చూలు దుప్పులు దాహంతో సోలిపోతున్నాయని, పిల్లకు తీగైనా కట్టమని, లేదంటే మడుగుకు తీసుకురావద్దని చెప్పాడు.

సిరి కూతురి పక్కకు జరిగి నిలబడింది. "తీగ మాత్రం మళ్లీ కట్టను మామా. నాకు మూడు రోజులు గడువివ్వు," అంది.

మర్నాడే కూతుర్ని వెంటబెట్టుకుని కొండ కింద ఉండే ఎలుగుబంటి భద్రమ్మ దగ్గరికి వెళ్లింది. పిల్లలకు వైద్యం చేయడంలో భద్రమ్మది అందెవేసిన చెయ్యి. ఆమె సిరిని పక్కన కూర్చోబెట్టి, ముందు చుక్కినే అడిగింది, చప్పుడు వచ్చేముందు ఎలా ఉంటుందని.

"గొంతులో గిలిగింత పెడుతుంది అవ్వా. అరిస్తే పోతుంది."

ఇంతవరకు ఆ మాట తనెప్పుడూ అడగలేదే అని సిరికి గుండె కలుక్కుమంది. తన పెంపకంలోనే తప్పుందేమో అంది.

"తప్పు నీదీ కాదు, పిల్లదీ కాదు," అంది భద్రమ్మ. "తుమ్ము ఎంతసేపని ఆపుకుంటాం? ఇదీ అంతే. తిడితే, భయపడితే, నిద్ర చాలకపోతే ఎక్కువవుతుంది."

గిలిగింత రాగానే నోరు మూసి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి వదలాలని చుక్కికి నేర్పింది. గిలిగింత దాటిపోయేదాకా అలాగే చేయాలట. కుదిరిన రోజు మెచ్చుకోమని, కుదరని రోజు ఏమీ అనవద్దని తల్లికి చెప్పింది. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుందని, తగ్గకపోతే మందులున్నాయని ధైర్యం చెప్పింది. సంగతి మందకు కూడా దాచకుండా చెప్పమంది.

మూడో రోజు సిరి అందరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. మరి నిజంగా చిరుత వస్తే ఎలా తెలుస్తుందని రాజన్న అడిగాడు.

జవాబు చుక్కే చెప్పింది. "నాది రెండు పొట్టి అరుపులు తాతా. చిరుతను చూస్తే మీరంతా ఒక్కటే, గట్టిగా అరుస్తారు."

చెవులు రిక్కించి వింటే నిజమే. ఇన్నాళ్లూ ఎవరూ సరిగ్గా వినలేదు, అంతే. రాజన్న సరేనని, చుక్కిని తీగ లేకుండానే మడుగుకు రమ్మన్నాడు.

మొదటి రోజు రెండు కూనలు బెదిరి పరుగెత్తాయి. వాటి తల్లులు వెనక్కి పిలుచుకొచ్చాయి. చుక్కి రోజూ సాధన చేసింది. కొన్నిసార్లు గిలిగింత దాటిపోయేది, కొన్నిసార్లు గొంతు పలికేది. నెల తిరిగేసరికి చప్పుడు సగానికి సగం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఒక పొద్దున అందరూ నీళ్లు తాగుతుంటే "కుక్, కుక్" అని వినిపించింది. సిరి గతుక్కుమని రాజన్న వైపు చూసింది. ఆయన నీళ్లలోంచి తల కూడా ఎత్తలేదు. చుక్కి మూతి తుడుచుకుని మళ్లీ తాగడంలో పడింది. అప్పుడు సిరి కూడా తల వంచింది. ఆ ఎండాకాలంలో తను కడుపునిండా నీళ్లు తాగింది ఆ రోజే.

నీతి: పిల్లల అదుపులో లేనిదానికి వాళ్లను తిట్టకూడదు, శిక్షించకూడదు. వాళ్లు చెప్పేది విని, తెలిసినవాళ్ల చేత వైద్యం చేయించాలి.