తూర్పుకి వాలిన రంపం

ఒక కలప అడితిలో ఇద్దరు కోతగాళ్ళుండేవారు. గోతి మీద దుంగను పడుకోబెట్టి, ఒకడు దుంగ మీద నిలబడి, ఒకడు గోతిలోకి దిగి, పెద్ద రంపం లాగేవారు. పైనున్నవాణ్ణి పైవాడనీ, కిందున్నవాణ్ణి కిందివాడనీ పిలిచేవారు. దేవుడికీ పైవాడనే పేరుందనుకోండి, ఆయన రంపం లాగడు కాబట్టి పేచీ లేదు.

ఇరవై రెండేళ్ళు కలిసి లాగాక పైవాడు జ్వరమొచ్చి పోయాడు. కిందివాడు మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నాలుగో రోజు యజమాని కొత్త పైవాణ్ణి తెచ్చి దుంగ ఎక్కించాడు. నిటారైన మనిషి, నవ్వుమొహం. ఆ నవ్వు చూస్తేనే కిందివాడికి ఒళ్ళు మండింది.

ఆ రోజే మొదలైంది తంటా. దుంగ దొర్లకుండా రెండు పక్కలా ఆపుచెక్కలు దిగ్గొడతారు. పొద్దున బిగించిన చెక్క మధ్యాహ్నానికి వదులైపోయేది. ఒకసారి దుంగ జానెడు దొర్లి కిందివాడి నెత్తిన మట్టి రాలింది. తలెత్తి చూస్తే కొత్తవాడు సుత్తి పుచ్చుకుని చెక్క దగ్గరే కూచున్నాడు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"బిగిస్తున్నానన్నా. ఎందుకో ఊడొస్తోంది."

ఊడొస్తోందట! ఎంత అమాయకంగా చెప్పాడో! తనను దుంగ కింద నలిపేసి, తన చోట బావమరిదిని దించుకోవాలని వీడి ఎత్తు అని కిందివాడు తేల్చేసుకున్నాడు. అసలు వాడికి బావమరిది ఉన్నాడో లేడో కూడా కనుక్కోలేదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, చెప్పుకోదగ్గ ఆ ఒక్క మనిషీ పోయాడాయె.

మర్నాడు పొద్దున్నే, "ఇవాళ నేను పైన. నువ్వు గోతిలోకి దిగు" అన్నాడు. కొత్తవాడు దిగాడు.

కిందివాడు చెక్కలు తన చేత్తోనే దిగ్గొట్టి, వాటి మీంచి చూపు తిప్పకుండా లాగడం మొదలెట్టాడు. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. అయినా లాగినప్పుడల్లా పడమటి చెక్క కాస్త కాస్త జరిగి, చివరికి టప్పున ఊడింది. దుంగ పడమరకి దొర్లబోయింది.

"అన్నా!" అని గోతిలోంచి కేక.

కిందివాడు రంపం వదిలేసి, ఒళ్ళంతా తూర్పుకి వాల్చి దుంగను తొక్కిపట్టాడు. దుంగ ఆగింది. కొత్తవాడు పైకి ఎగబాకి బతికిపోయాడు.

అలా వాలి నిలబడ్డాకే తెలిసింది. పాతవాడు నిలబడేది అచ్చం ఇలాగే. ఒక కాలు అవిటిది కావడంతో వాడు తూర్పుకి వాలి లాగేవాడు. దానికి సరిపడా తను పడమరకి లాగేవాడు, కోత తిన్నగా వచ్చేది. మనిషి పోయినా ఈ చేతులకి ఆ కబురు అందలేదు.

"నువ్వు నన్ను చంపుతావనుకుంటూ నేనే నిన్ను చంపబోయానురా" అన్నాడు, దుంగ దిగి కూలబడి. "పోయినవాడు ఒక పక్కకి వాలి లాగేవాడు. నా చెయ్యి ఇంకా వాడితోనే లాగుతోంది."

కొత్తవాడు ఒళ్ళు దులుపుకున్నాడు. "ఆయన ఎటు వాలేవాడన్నా?"

"తూర్పుకి."

"అయితే నేనూ అటే వాలతాను. నీ చెయ్యి ఎటు పోతే అటు లాగు."

దుంగను సరిచేసి, చెక్కలు బిగించి, ఎవరి పాత చోటికి వాళ్ళు వెళ్ళారు. నడుము పీకుతున్నా కొత్తవాడు తూర్పుకే వాలాడు. చెక్కలు కదల్లేదు, గీత తప్పలేదు. కిందివాడికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే లాగాడు. సగం దుంగ కోశాక, తలెత్తకుండానే పిలిచాడు.

"ఒరే తమ్ముడూ, ఇక తిన్నగా నిలబడు. వాడు దిగి వెళ్ళిపోయాడు."